తాళం బయట వేసిన రోజులు: డెస్క్‌టాప్ ప్రాసెసర్లను జంటగా ఎలా నడిపారు, ఇప్పుడెందుకు కుదరదు

పాత సర్వర్లలోంచి తీసిన జియాన్ ప్రాసెసర్లు, వాటికోసం చైనాలో తయారైన రెండు సాకెట్ల మదర్‌బోర్డులు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. అవి చూసినవాళ్లకు ఒక సందేహం రావడం సహజం. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటే కదా, సర్వర్ల జియాన్‌కు బదులు రెండు డెస్క్‌టాప్ కోర్ ఐ7లు పెడితే పనిచేయవా? ఒకప్పుడు ఇంటెల్ చవక ప్రాసెసర్లైన సెలెరాన్లకే ఆ పని చేశారట కదా?

చేసిన మాట నిజమే. 1998 నుంచి దాదాపు ఐదేళ్లపాటు, ఒక్కటిగా వాడమని అమ్మిన చవక ప్రాసెసర్లను జంటగా నడిపినవాళ్లు జపాన్‌లో, అమెరికాలో, యూరప్‌లో చాలామందే ఉన్నారు. కొందరు డ్రిల్లింగ్ మిషన్ వాడారు, కొందరు వెండి పెయింట్ వాడారు. అదే పని ఇవాళ్టి చిప్‌లతో ఎందుకు కుదరదో తెలియాలంటే అప్పుడు ఎందుకు కుదిరిందో ముందు చూడాలి.

క్లుప్తంగా: జంటగా పనిచేసే సామర్థ్యం ఆ చిప్‌ల లోపల ముందే ఉంది. కంపెనీలు దాన్ని తీసేయలేదు, బయటికి వచ్చే దారిని మాత్రమే మూశాయి. సెలెరాన్‌లో ఆ తాళం సర్క్యూట్ బోర్డు మీద ఉంది, ఏఎండీ కంపెనీ అథ్లాన్ ఎక్స్‌పీలో ప్యాకేజీ (సిలికాన్ ముక్కను అమర్చిన పలక) పైన ఉంది. ఆ తర్వాతి తరాల్లో కొన్నిటికి కావాల్సిన పిన్‌లే లేకుండా పోయాయి, మిగిలినవాటిలో తాళం సిలికాన్ లోపలికి వెళ్లింది. ఈలోగా ఒకే చిప్‌లో రెండు కోర్లు రావడంతో ఆ అవసరమూ తగ్గింది.

రెండు ప్రాసెసర్లు కలిసి పనిచేయాలంటే

బోర్డు మీద రెండు సాకెట్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. మూడు సమస్యలు తీరాలి.

మొదటిది దారి సమస్య. పెంటియం 2 కాలంలో రెండు ప్రాసెసర్లకూ కలిపి మెమరీ వైపు ఒకే దారి ఉండేది. దాన్నే బస్ అంటారు. సింగిల్ లైన్ రైలు మార్గంలో టోకెన్ చేతికొస్తేనే బండి కదిలినట్టు, బస్ మీద తన వంతు వచ్చాకే ప్రాసెసర్ మాట్లాడాలి. ఇంటెల్ దీనికి బీఆర్0, బీఆర్1 అనే రెండు సంకేతాలు పెట్టింది. ఒకటి 'నాకు బస్ కావాలి' అని చెప్పడానికి, రెండోది పక్క ప్రాసెసర్ అడుగుతోందా లేదా అని చూసుకోవడానికి. మదర్‌బోర్డు మీద ఒకదాని బీఆర్0ను రెండోదాని బీఆర్1కు అడ్డంగా కలుపుతారు. కంప్యూటర్ ఆన్ అయిన క్షణంలో ఈ తీగల స్థితిని బట్టే తన నంబరు సున్నానా ఒకటా అన్నది ప్రతి ప్రాసెసర్‌కూ తెలుస్తుంది.

రెండోది లెక్క కుదరడం. ఒకే ఖాతా పుస్తకానికి ఇద్దరు గుమాస్తాలు చెరో నకలు రాసుకుని కూర్చున్నారనుకుంటే, ఒకరు అంకె మార్చిన వెంటనే రెండోవాళ్ల నకలు చెల్లకుండా పోవాలి. ప్రాసెసర్ల క్యాష్‌లు, అంటే మెమరీలోని డేటాకు నకలు దగ్గర ఉంచుకునే చిన్న వేగవంతమైన నిల్వలు, ఆ నకళ్లలాంటివే. బస్ మీద వెళ్లే ప్రతి అభ్యర్థననూ గమనిస్తూ తన నకలును రద్దు చేసుకునే లేదా సరిచూసుకునే ఏర్పాటు పెంటియం 2కు ఆధారమైన పీ6 కోర్‌లో మొదటినుంచీ ఉంది.

మూడోది ఇంటరప్ట్‌ల పంపకం. కీబోర్డు నుంచో డిస్క్ నుంచో వచ్చే పిలుపును ఎవరు అందుకోవాలో తేల్చే ఏపిక్ అనే భాగం కూడా ప్రాసెసర్ లోపలే ఉంటుంది.

ఈ మూడింటిలో కష్టమైనవి రెండోది, మూడోది. అవి సిలికాన్‌లో లేకపోతే బయటినుంచి ఎవరూ చేర్చలేరు. మొదటిదానికి కావాల్సింది మాత్రం ఒక్క తీగ. కథంతా ఆ తీగ చుట్టూనే తిరిగింది.

సెలెరాన్: ఒక పిన్ దూరం

1998 ఆగస్టు 24న ఇంటెల్ రెండు ప్రాసెసర్లను ఒకేరోజు విడుదల చేసింది. పెంటియం 2 450 మెగాహెర్ట్జ్ ధర 669 డాలర్లు, సెలెరాన్ 300ఏ ధర 149 డాలర్లు. పెంటియం 2కు 512 కేబీ క్యాష్ ఉన్నా అది చిప్ బయట, సగం వేగంతో నడిచేది. సెలెరాన్‌కు 128 కేబీయే ఉన్నా అది చిప్ లోపల, పూర్తి వేగంతో నడిచేది. చాలా పనుల్లో ఈ రెండింటికీ పెద్దగా తేడా కనిపించలేదు. పైగా 300ఏ బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, ప్రాసెసర్ బస్ వేగానికి 4.5 రెట్లు నడుస్తుంది (దీన్నే గుణకం అంటారు) కాబట్టి అది నేరుగా 450కి చేరేది. చాలా చిప్‌లు దాన్ని నిబ్బరంగా తట్టుకున్నాయి. నాలుగో వంతు కన్నా తక్కువ ధరలో దాదాపు అదే వేగం అన్నమాట.

పెంటియం 2ను జంటగా వాడటానికి ఇంటెల్ ఒప్పుకుంది, సెలెరాన్‌ను ఒప్పుకోలేదు. అయితే సెలెరాన్ కోసం కోర్‌ను కొత్తగా గీయలేదు. పెంటియం 2 కోర్‌కే లోపల క్యాష్ చేర్చారు. కాబట్టి గుమాస్తాల లెక్క సరిచూసే ఏర్పాటూ, ఏపిక్కూ అందులో అలాగే ఉండిపోయాయి. అప్పట్లో ప్రాసెసర్ ఒక కార్డు మీద ఉండి, బోర్డు మీది స్లాట్ 1లో దిగేది. ఆ సెలెరాన్ కార్డు మీద బీఆర్1 సంకేతాన్ని మాత్రం అంచు కనెక్టర్ దాకా తీసుకురాకుండా ఆపేశారు. తాళం అంటే అంతే.

ఆ సంగతి కనిపెట్టింది జపాన్‌కు చెందిన ఒక ఔత్సాహికుడు. చిప్ కింద ఉన్న ఏఎన్15 పిన్‌ను స్లాట్ అంచున ఉన్న బీ75 కాంటాక్ట్‌కు కలిపితే చాలని ఆయన తేల్చాడు. అందుకు కార్డు మీద ఒకచోట జాగ్రత్తగా డ్రిల్ చేసి పాత కనెక్షన్‌ను తెంపాలి, ఆ తర్వాత సన్నటి తీగను టంకం వేసి అతికించాలి. పెంటియం 2లా ప్లాస్టిక్ డబ్బాలో మూసి కాకుండా, ఖర్చు తగ్గించడానికి ఈ కార్డును తొడుగు లేకుండా అమ్మారు. ఆ పొదుపు మార్పు చేసేవాళ్లకే కలిసొచ్చింది.

కొద్ది నెలల్లోనే డ్రిల్ అవసరం కూడా తీరిపోయింది. సెలెరాన్ స్లాట్ కార్డు రూపం వదిలి, సాకెట్ 370లో కూర్చునే పిన్‌ల చిప్‌గా మారింది. దాన్ని పాత స్లాట్ 1 బోర్డుల్లో వాడుకోవడానికి తైవాన్ కంపెనీలు అడాప్టర్ కార్డులు చేశాయి. ఏఎన్15ను బీ75కు కలిపే తీగను కొందరు అడాప్టర్ మీదే జంపర్‌గా, అంటే చేత్తో మార్చగల చిన్న క్లిప్పుగా, ఇచ్చారు. ఇక టంకం గన్ పట్టాల్సిన పని లేదు, జంపర్ మారిస్తే సరిపోతుంది.

1999లో అబిట్ కంపెనీ మరో అడుగు వేసింది. 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మెమరీతో, మిగతా భాగాలతో కలిపే చిప్‌లు) మీద నేరుగా రెండు సాకెట్ 370లు పెట్టి బీపీ6 అనే మదర్‌బోర్డు తెచ్చింది. ఏ మార్పూ చేయని రెండు సెలెరాన్లను జంటగా నడిపిన మొదటి బోర్డు ఇదే. తాళం ప్రాసెసర్ మీద కాకుండా కార్డు మీద ఉండేది. కార్డే పోయాక తాళం ఎక్కడుంటుంది? పిన్ బయటే ఉంది, బోర్డు చేసేవాళ్లు దాన్ని కలిపితే చాలు. 366 మెగాహెర్ట్జ్ సెలెరాన్లు రెండింటిని 100 మెగాహెర్ట్జ్ బస్ మీద 550 దగ్గర నడపడం ఆ బోర్డు వాడినవాళ్లలో మామూలైపోయింది.

2000 మార్చిలో కాపర్‌మైన్ కోర్‌తో వచ్చిన కొత్త సెలెరాన్లతో ఆ దారి మూతపడింది. వాటిని జంటగా నడిపే మార్గం లేకుండా పోయింది. అదే కోర్‌తో వచ్చిన పెంటియం 3లో మాత్రం సామర్థ్యాన్ని అలాగే ఉంచారు.

ఉన్నదాన్ని ఎందుకు మూస్తారు

తయారు చేసిన సామర్థ్యాన్ని వాడనివ్వకపోవడం కొనేవాళ్లకు అన్యాయంలా కనిపిస్తుంది. కంపెనీ లెక్క వేరు. చిప్ డిజైన్‌కు, ఫ్యాక్టరీకి పెట్టే ఖర్చు భారీగా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో చిప్ చేయడానికి అయ్యే ఖర్చు దానితో పోలిస్తే తక్కువ. పెట్టుబడి తిరిగి రావాలంటే ఎక్కువ ఇవ్వగలవాళ్ల దగ్గర ఎక్కువ, ఇవ్వలేనివాళ్ల దగ్గర తక్కువ తీసుకోవాలి. ఒకే సరుకుకు రెండు ధరలంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే రెండు సరుకులుగా చూపిస్తారు.

ఇది సెలెరాన్‌తో మొదలైంది కాదు. 1991లో వచ్చిన 486ఎస్ఎక్స్‌లో దశాంశ లెక్కలు చేసే విభాగాన్ని పనిచేయకుండా చేసి అమ్మారు. అది కావాలనుకున్నవాళ్లు 487ఎస్ఎక్స్ అనే తోడు చిప్‌ను కొనాలి. నిజానికి అది ఒక పూర్తి 486 ప్రాసెసరే. దాన్ని పెట్టగానే పాతది ఊరికే కూర్చునేది. దాదాపు అదే కాలంలో ఐబీఎం నిమిషానికి 10 పేజీలు ముద్రించే లేజర్ ప్రింటర్‌తో పాటు 5 పేజీలే ముద్రించే చవక రకాన్నీ అమ్మింది. రెండూ దాదాపు ఒకే యంత్రం. చవకదానిలో ముద్రణను నెమ్మదింపజేసే ఏర్పాటు అదనంగా ఉండేది. అర్థశాస్త్రంలో ఇలాంటివాటిని 'కావాలని తగ్గించిన సరుకులు'గా చదువుతారు. వాటిని అందరికీ నష్టమని కొట్టిపారేయలేం. తగ్గించిన రకమే లేకపోతే చవక ధర కూడా ఉండేది కాదన్నది ఒక వాదన.

కంపెనీల వాదనలో సాంకేతికంగా నిజమైన భాగం కూడా ఉంది. జంటగా పనిచేస్తుందని అమ్మిన ప్రతి చిప్‌నూ ఆ కోణంలో పరీక్షించాలి, చిప్‌సెట్లతో కలిపి సరిచూడాలి. రెండు క్యాష్‌ల మధ్య లెక్క తప్పితే కంప్యూటర్ ఆగిపోదు, తప్పు అంకెను రాసి ముందుకెళ్తుంది. సర్వర్‌లో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉండదు. చవక చిప్‌కు ఆ పరీక్ష చేశారని ఎవరూ హామీ ఇవ్వలేదు. అయినా 149 డాలర్ల చిప్ 669 డాలర్ల చిప్ అమ్మకాలను తినేయకూడదన్న ఆలోచనే ఈ తాళానికి అసలు కారణంగా కనిపిస్తుంది. పరీక్షే కారణమైతే 'మా పూచీ లేదు' అని ఒక వాక్యం రాస్తే సరిపోయేది.

అథ్లాన్ ఎక్స్‌పీ: వెండి పెయింట్ కాలం

2001 జూన్‌లో ఏఎండీ అథ్లాన్ ఎంపీతో, 760ఎంపీ చిప్‌సెట్‌తో రెండు ప్రాసెసర్ల రంగంలోకి దిగింది. ఎంపీలోని పాలోమినో అనే కోర్‌తోనే అక్టోబర్‌లో అథ్లాన్ ఎక్స్‌పీ వచ్చింది. ఎంపీ ఖరీదైనది, ఎక్స్‌పీ చవకైనది. మొదట్లో వచ్చిన కొన్ని ఎక్స్‌పీలు ఏ మార్పూ లేకుండానే రెండు సాకెట్ల బోర్డుల్లో పనిచేశాయి. ఆ తర్వాత తాళం పడింది.

ఈసారి తాళం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. ప్రాసెసర్ ప్యాకేజీ పైన ఎల్1, ఎల్2 అంటూ పేర్లు పెట్టిన చిన్న చిన్న వంతెనల వరసలుండేవి. గుణకం ఎంత, వోల్టేజ్ ఎంత, ఇది ఏ రకం చిప్ అన్నవి ఆ వంతెనలు కలిసున్నాయా తెగి ఉన్నాయా అన్నదాన్ని బట్టి తేలేవి. ఎల్5 వరసలో చివరి వంతెన కలిసి ఉంటే అది ఎంపీ, లేజర్‌తో తెంపి ఉంటే ఎక్స్‌పీ. దాన్ని తిరిగి కలిపితే చిప్ తనను తాను ఎంపీగా చెప్పుకునేది.

అంతకు ముందు తరం అథ్లాన్ల సిరామిక్ ప్యాకేజీ మీద ఇలాంటి వంతెనలను పెన్సిల్ గీతతోనే కలిపేవారు. ఎక్స్‌పీ ప్యాకేజీ సిరామిక్ కాదు, లేజర్ తగిలిన చోట గుంట పడేది. ఆ గుంటలో లోహపు పొర బయటపడుతుంది కాబట్టి పెయింట్ నేరుగా వేస్తే షార్ట్ అయ్యే ప్రమాదముంది. అందుకని ముందు గుంటను జిగురుతో పూడ్చి, ఆరాక దాని మీదుగా కారు వెనక అద్దం డీఫాగర్ గీతలు బాగుచేసే వెండి పెయింట్‌తో సన్నటి గీత గీసేవారు. చుట్టూ టేపు అంటించి, భూతద్దం పెట్టుకుని చేయాల్సిన పని. పక్క వంతెనకు పెయింట్ అంటిందా, వేరే అమరికేదో మారిపోతుంది.

గీత కుదిరినా బోర్డు ఒప్పుకోవాలి. కొన్ని బోర్డుల బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రాము) 'ఇది ఎంపీ కాదు' అని హెచ్చరించి వదిలేసేది, కొన్ని రెండో ప్రాసెసర్‌ను పట్టించుకునేవి కావు. అసలైన ఎంపీ బోర్డులకూ తలనొప్పులు తక్కువేమీ లేవు. ఆ తర్వాత వచ్చిన 760ఎంపీఎక్స్ చిప్‌సెట్ తొలి బ్యాచ్‌లో యూఎస్‌బీ లోపం ఉండటంతో, బోర్డుతో పాటు వేరే యూఎస్‌బీ కార్డు పెట్టి అమ్మాల్సి వచ్చింది.

డిజైన్ పరంగా మాత్రం ఇది సెలెరాన్ కన్నా చాలా ముందుంది. సెలెరాన్ల జంట 66 మెగాహెర్ట్జ్ బస్‌ను పంచుకునేది. అంటే ఇద్దరికీ కలిపి సెకనుకు సుమారు 533 ఎంబీ. బస్‌ను 100కు పెంచినా 800 ఎంబీ దాటదు. అథ్లాన్‌లో ప్రతి ప్రాసెసర్‌కూ చిప్‌సెట్ దాకా సొంతంగా 2.1 జీబీ దారి ఉండేది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. రెండు దారులూ చేరే డీడీఆర్ మెమరీ ఇచ్చేది కూడా మొత్తం 2.1 జీబీయే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడకపోయినా, ఒక మెమరీని రెండు ప్రాసెసర్లు సర్దుకోక తప్పలేదు. దీనికి ఏఎండీ కొంత ఉపశమనం చూపింది. ఒక ప్రాసెసర్ మార్చిన డేటా రెండోదానికి కావాల్సి వస్తే మెమరీలో రాసి మళ్లీ చదవకుండా, క్యాష్ నుంచి క్యాష్‌కే అందించే పద్ధతి పెట్టింది.

ఇంత చేసి ఏం దక్కింది

విండోస్ 95, 98 వాడేవాళ్లకు ఏమీ దక్కలేదు. ఆ రెండూ రెండో ప్రాసెసర్‌ను అసలు గుర్తించవు. విండోస్ ఎన్‌టీ 4, 2000 ఫిబ్రవరిలో వచ్చిన విండోస్ 2000, లినక్స్, బీఓఎస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండాలి. లినక్స్‌కు ఈ సౌకర్యం 1996లోనే వచ్చినా, అప్పట్లో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) మొత్తానికి ఒకటే తాళం ఉండేది. ఒక ప్రాసెసర్ కెర్నెల్‌లో పని చేస్తుంటే రెండోది బయట ఆగాల్సిందే. 1999లో వచ్చిన 2.2 నుంచి ఆ పరిస్థితి మెరుగుపడింది.

తర్వాతి అడ్డంకి ప్రోగ్రాములు. పని రెండుగా విడగొట్టుకోవడం తెలియని ప్రోగ్రాముకు ఎన్ని ప్రాసెసర్లున్నా ఎక్కడి గొంగళి అక్కడే. ఆ రోజుల్లో ఆటలు, ఆఫీసు సాఫ్ట్‌వేర్ చాలావరకు అలాంటివే. 1999 చివర్లో వచ్చిన క్వేక్ 3 ఆటలో రెండు ప్రాసెసర్లను వాడుకునే ఐచ్ఛికం పెట్టడం అప్పట్లో వార్త అయిందంటే, మిగతావాటి స్థితి ఊహించుకోవచ్చు. నిజంగా లాభపడింది 3డీ బొమ్మలు రెండర్ చేసేవాళ్లు, ఒకేసారి రెండు ఫైళ్లను కంపైల్ చేసుకునే ప్రోగ్రామర్లు. మిగతావాళ్లకు దక్కింది కొలతలకు అందని సుఖం. ఒక ప్రోగ్రాము ప్రాసెసర్‌ను పూర్తిగా ఆక్రమించినా మౌస్ ఆగదు, మిగతా విండోలు బిగుసుకుపోవు.

నష్టాల సంగతికొస్తే, వారంటీ పోవడం అందులో చిన్నదే. రెండు చిప్‌లూ ఒకే బస్ వేగాన్ని తట్టుకోవాలి కాబట్టి ఓవర్‌క్లాక్ చేసినప్పుడు (నిర్ణయించిన వేగాన్ని మించి నడిపినప్పుడు) బలహీనమైనది ఎంత ఓర్చుకుంటే అంతే వేగం. పాలోమినో ఎక్స్‌పీలు ఒక్కోటి 60 వాట్లు దాటి వేడి వదిలేవి. వాటి సిలికాన్ ముక్కకు పైన కవచం ఉండేది కాదు, హీట్‌సింక్ బిగించేటప్పుడు మూల చిట్లితే చిప్ పోయినట్టే. బీపీ6 బోర్డుల్లో కెపాసిటర్లు ఉబ్బిపోవడం ఎంత మామూలైందంటే, వాటిని మార్చుకోవడం ఆ బోర్డు వాడకంలో భాగమైపోయింది.

తాళం లోపలికి వెళ్లాక

2003 ఏప్రిల్‌లో వచ్చిన ఏఎండీ సర్వర్ ప్రాసెసర్ ఆప్టెరాన్‌తో ఆట నియమాలే మారాయి. చిప్‌సెట్ మీదుగా మాట్లాడుకునే పద్ధతి పోయి, ప్రాసెసర్ నుంచి ప్రాసెసర్‌కు హైపర్‌ట్రాన్స్‌పోర్ట్ అనే నేరు లింకులు వచ్చాయి. మెమరీ కంట్రోలర్ కూడా చిప్‌లోనే చేరింది. సాకెట్ 940 ఆప్టెరాన్‌కు అలాంటి లింకులు మూడు ఉండేవి. డెస్క్‌టాప్ అథ్లాన్ 64 కూర్చునే సాకెట్ 754, 939లలో బయటికి వచ్చేది ఒకే లింకు, అదీ చిప్‌సెట్ కోసమే. ఇక్కడ కలపడానికి తెగిన తీగ లేదు, ఆ తీగ వచ్చే పిన్‌లే సాకెట్‌లో లేవు. పాత పద్ధతిలో ఒక సంకేతం చాలేది. కొత్త లింకుకు అతివేగంగా నడిచే జతల తీగలు పదుల సంఖ్యలో కావాలి. టంకంతో అయ్యే పని కాదు.

సాకెట్ ఒకటే అయిన సందర్భాల్లోనూ దారి దొరకలేదు. 2008 చివర్లో వచ్చిన కోర్ ఐ7 920, ఆ తర్వాతి జియాన్ 5500 వరస ఒకే ఎల్‌జీఏ 1366 సాకెట్‌లో కూర్చుంటాయి. జియాన్‌కు రెండు క్యూపీఐ లింకులు (హైపర్‌ట్రాన్స్‌పోర్ట్ లాంటి ఇంటెల్ నేరు లింకులు) పనిచేస్తాయి, కోర్ ఐ7కు ఒకటే. ఆ ఒకటి చిప్‌సెట్‌కే సరిపోతుంది. ఔత్సాహికుల కోసమే 2010లో ఈవీజీఏ చేసిన ఎస్ఆర్-2 బోర్డులో కూడా రెండు ప్రాసెసర్లు నడపాలంటే జియాన్లే పెట్టాలి. కోర్ ఐ7లో రెండో లింకును ఆపింది సిలికాన్ స్థాయిలో. ఫ్యాక్టరీలోనే శాశ్వతంగా రాసేసిన ఆ గుర్తులను చేరడానికి భూతద్దం, పెయింట్ చాలవు.

అవసరం కూడా అప్పటికే సన్నగిల్లింది. 2005 మే నెలలో ఇంటెల్ పెంటియం డీ, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. ఒకే సాకెట్‌లో రెండు కోర్లు. బీపీ6 యజమాని డ్రిల్లింగ్ దాటి, కెపాసిటర్లు దాటి సంపాదించుకున్న సుఖం ఇప్పుడు మామూలు బోర్డులో దొరికింది. 2019 నాటి రైజెన్ 9 3950ఎక్స్‌లో ఎనిమిదేసి కోర్ల ముక్కలు రెండు ఒకే ప్యాకేజీలో పక్కపక్కన ఉంటాయి. ఏఎండీ సర్వర్ ప్రాసెసర్లైన ఎపిక్‌లలోనూ అలాంటి ముక్కలే ఎక్కువ సంఖ్యలో వాడతారు.

తాళం వేసే అలవాటు మాత్రం పోలేదు, తెరిచే హక్కుకు ధర కట్టారు. 2010లో ఇంటెల్ పెంటియం జీ6951 కొన్నవాళ్లకు 50 డాలర్ల కార్డు అమ్మింది. దాని మీది కోడ్ ఎక్కిస్తే మూసి ఉంచిన క్యాష్, హైపర్ థ్రెడింగ్ (ఒకే కోర్ రెండు పనులను ఒకేసారి నడిపే సౌకర్యం) తెరుచుకునేవి. విమర్శలు రావడంతో ఏడాదికల్లా ఆపేసింది. 2023లో వచ్చిన జియాన్లతో అదే ఆలోచన సర్వర్ల కోసం 'ఆన్ డిమాండ్' పేరుతో తిరిగొచ్చింది.

పాత బోర్డు కొనేముందు

ఇప్పుడు వినిపించే గందరగోళంలో కొంత భాగం వేరే మార్పు నుంచి వచ్చింది. 2010ల్లో ఎల్‌జీఏ 771 జియాన్లను చవకగా కొని, రెండు కాంటాక్టులను అటూఇటూ మార్చే స్టిక్కర్ అంటించి, ఎల్‌జీఏ 775 డెస్క్‌టాప్ బోర్డుల్లో వాడటం బాగా వ్యాపించింది. అది సర్వర్ చిప్‌ను డెస్క్‌టాప్‌లో ఒక్కటిగా నడపడం. డెస్క్‌టాప్ చిప్‌లను జంటగా నడపడం దానికి పూర్తిగా వ్యతిరేక దిశ. ఒకటి కుదిరింది కదా అని రెండోది కుదరదు.

ఎల్‌జీఏ 2011-3 బోర్డుల విషయంలో పేరు చూస్తే సంగతి తెలిసిపోతుంది. జియాన్ ఈ5-1650 వీ3లో గీత తర్వాతి 1 అంటే ఒక్కటిగానే పనిచేస్తుందని, ఈ5-2670 వీ3లోని 2 అంటే రెండు సాకెట్ల దాకా వాడవచ్చని. కోర్ ఐ7-5960ఎక్స్ అదే సాకెట్‌లో దిగినా 1వ వర్గంలోదే. ఎపిక్‌లో నంబరు చివర పీ అక్షరం ఉంటే అది ఒకే సాకెట్ చిప్. విడివిడిగా చూస్తే చవగ్గా కనిపించే 1600 వరస చిప్‌లు రెండు కొంటే, బోర్డులో రెండో సాకెట్ ఖాళీగా ఉన్నట్టే లెక్క.